మనిషిని దించకుండ దుప్పటి మార్చుడు

శుక్రవారం, పొద్దున పదకొండు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. మా పెద్ద సిస్టర్ పోయింది అప్పుడు. డాక్టరు కాయితం మీద పదకొండూ పది అని రాసిండు గాని, అది ఆయన మెట్లెక్కి పైకొచ్చిన టైము. నేను చూసింది ఆమె సొంత గడియారంల. నర్సులు ఎద మీద పిన్నుతోని తలకిందులుగ తగిలించుకునేది ఉంటది సూడు, గదే. నౌకరి అయిపోయినంక గూడ ఆమె దాన్ని ఇడువలే. కూరగాయలకు పోయినా, చర్చికి పోయినా ఎద మీద గడియారమే. ఆఖరు రోజు దిండుకు గుచ్చి పెట్టినం.

ఆమె పేరు రాయ. బతికున్నప్పుడే పేరు పెట్టి పిలిస్తే పలుకకపోయేది, "సిస్టర్ అను, నోరేం అరిగిపోదు" అనేది. ఏ ఊరి దవాఖానో గూడ రాయ. పాలమూరు దిక్కు ఒక సర్కారు దవాఖాన, నేను అండ్ల ఇరవై రెండేండ్లు ఆయమ్మను. గంత తెలిస్తే సాలు.

సమాధి కాడ అందరు ఆమెను దేవత అన్నరు. నాకు నవ్వొచ్చింది. దేవతలు గట్ల తిట్టరు. ఆమె పొట్టిగ, లావుగ, అరుగు మీద బోర్లించిన గంగాళం లెక్క ఉండేది. వార్డు ఆ మూలకెల్లి నడిచొస్తుంటే మంచాలు కదిలేటివి. బీపీ ఉండె, అయినా బస్టాండు కాడ మిరపకాయ బజ్జి తినకుంట ఇంటికి పోకపోయేది. "వద్దన్నరు గదా సిస్టర్" అంటే, "బీపీ నాది, బజ్జి నాది, నడుమ నువ్వెవలే?" అనేది. సూది మందు ఇచ్చే ముందర మాత్రం రోగిని "బంగారం" అని పిలిచేది. దాంతోని మా వార్డుల బంగారం అన్న మాటకే జనం ఒణికేది. చర్చిల పాస్టరు ప్రసంగం సాగదీస్తే లేచి నిలబడి గడియారం ఎత్తి సూసేది. ఒకసారి ఆయన "ఏందమ్మా?" అన్నడంట. "ఏం లేదయ్యా, ఇంకెంతసేపు నొప్పులు తీస్తవో అని సూస్తున్న" అన్నదంట. మిగిలిన ప్రసంగం రెండు నిమిషాల్ల కాన్పు అయ్యింది.

ఆమె నాకు చదువు చెప్పింది. ఎందుకు చెప్పిందో చెప్పాల్నంటే నా ఇజ్జతు పోయే ముచ్చట ఒకటి చెప్పాలె. పోతే పోనీ, నా వయసుల దాచుకునేది ఏముంది?

మాది పెద్దమందడి దిక్కు. చిన్నప్పటి సంది కూలి, పెండ్లైనంక బొంబాయిల మట్టిపని, పెనిమిటి పోయినంక ఈ ఆయమ్మ పని. నలభై దాటినా అక్షరం ముక్క రాదు. వార్డుల రోగుల పేర్లు చదువరాక చీర అంచు చూసి గుర్తు పెట్టుకునేదాన్ని. నాలుగో మంచం పచ్చంచు, ఎనిమిదో మంచం నల్లంచు, గట్ల. నాకు అంచులు బాగ తెలుసు, తప్పు పోతదని ఎన్నడనుకోలే.

గద్వాలకెల్లి నేత నేసేటోళ్ల ఇంటి కోడలు ఎల్లమ్మ ఆపరేషన్‌కు వచ్చింది. ఐదో మంచం, పసుపు చీర, ఎర్రంచు. మరుసటి రోజు పొద్దున ఆపరేషన్, అంతకు ముందు ఎనిమా ఇయ్యమని సిస్టరు చెప్పింది. నేను సామాను పట్టుకొని పోయిన. ఐదో మంచం మీద పసుపు చీర, ఎర్రంచు, కొంగు ముఖం మీద కప్పుకొని పండుకొని ఉంది. లేపి తెర చాటుకు తీసుకపోయిన. "నేను కాదమ్మా, నేను కాదు" అని మొత్తుకుంటుంది. "ఎనిమా అంటే అందరు గట్లనే అంటరు, జర గమ్మునుండు" అని నా పని నేను కానిచ్చిన. మంచిగ కానిచ్చిన. బయటికొచ్చే వరకు ఎల్లమ్మ బాత్‌రూం కాడికెల్లి నడిచొస్తుంది. అదే పసుపు చీర, అదే ఎర్రంచు.

లోపలున్నది ఆమె ఆడిబిడ్డ. చూసిపోనీకి వచ్చి, మంచం ఖాళీగ ఉంటే నడుము వాల్చింది. ఒక్క మగ్గం మీద దిగిన చీరలు, ఇంట్ల ఆడోళ్లందరు అవే కట్టుకుంటరంట. నాకేం తెలుసు?

సిస్టరు ఉరికొచ్చింది. మొదలు ఆ ఆడిబిడ్డ నాడి చూసింది, ఉప్పు చక్కెర నీళ్లు తాపింది, చేతులు జోడించి "తప్పు మాది తల్లీ" అన్నది. ఆమె గూడ మంచి మనిషే. "పోనీలే సిస్టరమ్మా, వారం సంది కడుపు బిగవట్టుకొని ఉండె" అన్నది. గప్పుడు సిస్టరు నా దిక్కు తిరిగింది. నౌకరి పోయిందనే అనుకున్న.

"నిన్ను తీసేస్తే ఇంకొకతి వస్తది. దానికీ చదువు రాదు. అది అంచులు గూడ గుర్తు పట్టదు" అన్నది. "రేపటి సంది డ్యూటీకి అర్ధగంట ముందు రా."

గట్ల మొదలైంది. దూది చుట్టొచ్చే నీలం కాయితం మీద రాపిచ్చేది. అందరికి మొదలు సొంత పేరు రాసుడు నేర్పుతరు. నాకు ఆమె మొదలు నేర్పింది ఎల్లమ్మ. వంద సార్లు రాపిచ్చింది, నవ్వుకుంట. నా పేరు బాలమ్మ అని రాసుకోనీకి ఇంకో నెల పట్టింది. నాకు కొంచెం చెయ్యి తిరిగినంక వార్డు పుస్తకం ముందట పెట్టింది. డ్యూటీ మారే యాళ్లకు వార్డుల ఎవలెవలు ఉన్నరో నిలబడి పేర్లు చెప్పేది, నేను రాసేది. రోగులు, వాళ్ల మనుషులు, ఆయమ్మలు, నర్సులు. డాక్టరు రాకుంటే, "వచ్చిండని రాద్దామా సిస్టర్?" అని అడిగిన ఒకసారి. "ఉన్నోళ్లను రాయి. లేనోళ్లు వాళ్లే రాసుకుంటరు" అన్నది.

ఇగ దుప్పటి ముచ్చట.

లేవలేని రోగి ఉంటడు. పక్క తడుస్తది. మనిషిని కిందికి దించొద్దు, ఎత్తొద్దు. అట్లనే పండవెట్టి కింది దుప్పటి మార్చాలె. రోగిని ఒక పక్కకు ఒరగవెట్టి, తడి దుప్పటిని వీపు దాంక చుట్టుకుంట పోవాలె. దాని పక్కనే పొడి దుప్పటి సగం పరిచి, సగం చుట్ట పెట్టాలె. మళ్ల మనిషిని ఆ చుట్టల మీదికెల్లి ఇవతలికి తిప్పి, అటు పోయి తడిది గుంజి పొడిది పరవాలె. మూలల మడతలు గట్టిగ పరుపు కిందికి తోయాలె, లేకుంటే ముడత పడి వీపు పుండైతది. పొట్టి మనిషైనా సిస్టరు ఒక్కతే చేసేది, రోగి నిద్రల ఉంటే లేవకుంట. మడత వదులైతే, చేసింది కొత్త నర్సైనా ఎవలైనా, మంచం ఇనుప పట్టీ మీద వేలి కణుపుతోని రెండుసార్లు తట్టేది. టక్, టక్. అంటే మళ్ల చెయ్యి అని. నోటితోని అందరిని తిట్టేది గాని దుప్పటి కాడ మాత్రం తిట్టకపోయేది. గా రెండు చప్పుళ్లే.

రిటైరైనంక వనపర్తిల అన్న బిడ్డ రూతమ్మ ఇంట్ల ఉండె. నర్సింగు చదువుదామనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు వెతుక్కుంట వచ్చేటోళ్లు. అందరిది ఒక్కటే అడుగుడు: "సిస్టర్, నర్సింగు చేస్తే నౌకరి వస్తదా?"

"రోగాలు బంద్ అయితున్నయా?" అని ఈమె ఎదురడిగేది.

"ఎట్ల బందైతయి?"

"అయితే పని ఉంటది. నౌకరి అనేది వేరే. నౌకరి గవర్నమెంటు చేతుల ఉంటది, ప్రైవేటోని చేతుల ఉంటది. పని నీ చేతుల ఉంటది. నువ్వు అడిగేది దేని గురించి?"

తండ్రులు తల గోక్కునేటోళ్లు. అప్పుడు సాఫ్‌గ చెప్పేది. సర్కారు పోస్టులు ఎప్పుడు పడతయో పడేదాంక ఎవనికి తెల్వదు, పడ్డా ఒకదానికి ఊరు ఊరంతా పోటీ. ప్రైవేటు దవాఖానల మొదటి రెండేండ్లు గొడ్డు చాకిరి, పెండ్లికి గూడ సెలవియ్యరు. బయటి దేశాల పిలుస్తున్నరు, నిజమే, భాష నేర్చుకోవాలె, అక్కడ ముసలోళ్లు ఎక్కువ, ఎత్తి కూసోబెట్టేటోళ్లు తక్కువ. "ఇవన్నీ విని గూడ వస్తా అనే పిల్లనే పంపుండ్రి. గోర్లకు రంగు ఎండేదాంక ఆగుమనే పిల్లను వద్దు." ఒక తండ్రికి కోపమొచ్చి, "మా బిడ్డకు భయం చెప్తున్నవు" అన్నడు. "భయం ఇక్కడ పడితే తేరగ పోతది, వార్డుల పడితే రోగి పోతడు" అన్నది.

నా మనుమరాలు శిరీష ఇంటర్ పాసైంది. ఆ పిల్లకు నర్సు కావాల్నని పిచ్చి. నా కొడుకు నర్సింలు వనపర్తిల ఆటో నడుపుతడు. ఆ ఏడు సర్కారు కాలేజీల శిరీషకు సీటు రాలే. గప్పుడొచ్చిండు అడ్మిషన్ల సారు. మిలమిల మెరిసే బూట్లు, చేతుల రంగుల కాయితాలు. నాగర్‌కర్నూల్ దిక్కు ఆయనకు ఎరుకైన ప్రైవేటు కాలేజీ ఒకటి ఉందంట. నాలుగేండ్లు అయిపోంగనే జర్మనీ, జపాను, ఏది కావాల్నంటే అది. కాయితం మీద తెల్లటి పిల్ల, తెల్లటి దవాఖాన. నా కొడుకు ఆ కాయితాన్ని ఆటో అద్దానికి అంటిచ్చుకున్నడు.

"సంతకం పెట్టే ముందు సిస్టర్‌ను తీసుకపోదాం" అన్న నేను. "ఆమె ఎందుకమ్మా, పాతకాలం మనిషి" అన్నడు నర్సింలు. ఇంట్ల నా మాట నడుస్తది, పోయినం. అదే ఆటోల నలుగురం: వాడు, నేను, శిరీష, సిస్టరు. ఆమె బరువుకు ఆటో ఒక దిక్కుకు ఒరిగింది.

కాలేజీ చూస్తే కండ్లు తిరిగినయి, గంత పెద్దగుంది. ల్యాబు చూపిస్తమని తీసుకపోయిన్రు. ఆరు మంచాలున్నయి, పరుపుల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలే. ఒక మంచం మీద రబ్బరు బొమ్మ పండుకొని ఉంది, ఒక చెయ్యి ఊడి పక్కన పెట్టిన్రు. మూడో ఏడాది పిల్లలు ముగ్గురిని నిలబెట్టిన్రు, తెల్ల కోట్లు, తలల మీద టోపీలు.

సిస్టరు బొమ్మను చూసింది. "దీనికేమైంది?"

"రిపేరుల ఉంది మేడం" అన్నడు అడ్మిషన్ల సారు.

"మంచిది, నేనున్న గదా" అని చెప్పులు ఇడిచి పక్క మంచం ఎక్కి పండుకున్నది. ప్లాస్టిక్ కిరకిరమన్నది. "నాకు పక్షవాతం. ఎడమ దిక్కు పడిపోయింది. మాట లేదు. పక్క తడిసింది. నన్ను దించకుంట దుప్పటి మార్చుండ్రి."

"మాట లేదంటివి, ఇంత మాట్లాడుతున్నవు" అన్నడు నర్సింలు గొణుక్కుంట.

పిల్లలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఒక పిల్ల చేతులు కట్టుకొని మొదలు పెట్టింది: "ఫస్ట్ ఎక్స్‌ప్లెయిన్ ది ప్రొసీజర్ టు ది పేషెంట్..." గుక్క తిప్పుకోకుంట ఆఖరు దాంక అప్పజెప్పింది.

"నాకు అర్థమైంది బిడ్డా" అన్నది సిస్టరు. "ఇగ మార్చు."

ఒకామె భుజాలు గుంజింది, ఒకామె కాళ్లు పట్టింది. ఇద్దరు రెండు దిక్కులకు గుంజుతున్నరు, నడుమ సిస్టరు గోనెసంచి లెక్క మడత పడ్డది. మూడో పిల్ల దుప్పటి గుంజే వరకు సిస్టరు మంచం అంచుకొచ్చి ఇనుప పట్టీ పట్టుకొని ఆగింది. లేకుంటే కిందనే. ఆ పిల్ల ఏడ్వవట్టింది. "బొమ్మ గింత బరువు లేకుండె" అన్నది.

సిస్టరు లేచి కూసున్నది. నేను తిట్లకు చెవులు మూసుకుందామనుకున్న. ఆమె ఆ పిల్లను పక్కన కూసోబెట్టుకున్నది. "ఏడ్వకు. నీ తప్పు లేదు. ఇప్పటికి వార్డుకు ఎన్నిసార్లు పోయినవు?"

"రెండు సార్లు మేడం."

"ఏం చేసిన్రు?"

"ఫొటో దిగినం."

అడ్మిషన్ల సారు అడ్డమొచ్చిండు. "మేడం, జర్మనీల గివన్నీ ఉండయి, అంతా మెషీన్లే."

"అయితే మెషీన్‌నే పంపు, ఈ పిల్లెందుకు?" అన్నది. పరుపుల మీది కవర్లు చింపి పారేసింది. గంటసేపు ఆ ముగ్గురికి దుప్పటి మార్చుడు నేర్పింది. రోగి నేను. వాళ్లు తెప్పిచ్చిన చాయ చల్లగైపోయింది.

ఇల్లు చేరినంక నేను వద్దన్న. నర్సింలు ఆటో అద్దం మీది కాయితం చింపి నా ముందట పారేసిండు. "జిందగంత మందిది మలం ఎత్తిన ఇద్దరు ముసలోళ్లు కలిసి నా బిడ్డ బతుకు ఆపిన్రు" అన్నడు. శిరీష రెండు రోజులు అన్నం ముట్టలే. దాని దోస్తులు ఇద్దరు గదే కాలేజీల చేరిన్రు, తెల్ల కోట్ల ఫొటోలు పంపిన్రు. నాకు గూడ భయమైంది. వచ్చే ఏడు గూడ సీటు రాకుంటే ఏం చెప్పాలె పిల్లకు? సిస్టర్‌ను అడిగితే, "నాకేం తెలుసు? రావొచ్చు, రాకపోవొచ్చు" అన్నది. గంతే. ఓదార్చుడు ఆమెకు రాదు.

గాని ఆదివారం చర్చి కాగానే మా ఇంటికొచ్చింది. శిరీషను పుస్తకాల ముందట కూసోబెట్టింది. చదువు అయినంక నన్ను మంచం మీద పండుమన్నది. ఇగ ప్రతి ఆదివారం అదే తంతు. వారానికో రోగం ఇచ్చేది నాకు. ఒక వారం పక్షవాతం, ఒక వారం తుంటి విరుగుడు, ఒక వారం స్పృహ లేకపోవుడు. స్పృహ లేనినాడు నేను తుమ్మిన, "సచ్చిన కోడి నయం నీకంటె" అన్నది. మొదట్ల శిరీష కోపంతోని ఇటొక గుంజుడు అటొక గుంజుడు గుంజేది, నా నడుము సగమైంది. సిస్టరు పట్టీ మీద టక్, టక్. మళ్ల. టక్, టక్. మళ్ల. దసరా దాటినంక ఒక ఆదివారం నాకు నిజంగనే కునుకు పట్టింది. లేచి చూస్తే కింద కొత్త దుప్పటి. ఎప్పుడు మార్చిందో తెల్వలే. సిస్టరు ఏం మెచ్చుకోలే, బజ్జీలు తెమ్మన్నది.

ఆమె వస్తే నర్సింలు ఆటో తీసుకొని బయటికి పోయేటోడు. పలకరించుడు బంద్ పెట్టిండు. మరుసటి ఏడు శిరీషకు గద్వాలల సర్కారు సీటొచ్చింది. వాడు స్వీట్లు పంచిండు, సిస్టరు ఇల్లు తప్పిచ్చి పంచిండు.

ఇప్పుడు శిరీష రెండో ఏడాది. మొన్న మంగళవారం సిస్టరు ఇంట్ల కూలింది. పక్షవాతం, ఎడమ దిక్కే. మాట పోయింది. ఆ కాలేజీల పండుకొని ఏ రోగం చెప్పిందో అదే వచ్చింది. తెచ్చి మా పాత దవాఖానలనే వేసిన్రు. నోరు వంకర పోయి, అన్ని మాటలు లోపలనే ఉండిపోయినయి. కండ్లు మాత్రం తిడుతనే ఉన్నయి.

శుక్రవారం పొద్దున పక్క తడిసింది. వార్డంతటికి ఒక్కతే డ్యూటీ సిస్టరు, సునీత. రాత్రి డ్యూటీకి వచ్చిన పిల్ల, పగటామె రాక ఇంకా పోలే. ఆ మూల ఒకలకు ఆక్సిజన్, ఈ మూల ఒకలకు వాంతులు. "వస్తున్న పెద్దమ్మా, వస్తున్న" అంటనే ఉరుకుతుంది. నర్సులకు పని ఉందా అని అడిగేటోళ్లు వచ్చి ఆ వార్డు చూస్తే సాలు. నౌకరి ఉందా అంటే, ఆ సునీతది గూడ కాంట్రాక్టే. ఏడాదికోసారి ఉంచుతరో తీస్తరో అని ఎదురు చూస్తదంట.

పదిన్నరకు శిరీష గద్వాల బస్సు దిగి వచ్చింది. బస్టాండు కాడికెల్లి నర్సింలు ఆటోల తెచ్చిండు, బ్యాగు మోసుకుంట పైకొచ్చిండు. తలుపు కాడనే ఆగిండు. శిరీష చెయ్యి పెట్టి చూసింది, తడి. భుజం మీది సంచి కింద పెట్టింది, చేతులు కడుక్కున్నది, బీరువకెల్లి దుప్పటి తెచ్చింది.

"డాడీ, ఇటు రా. అటు పక్క నిలబడి భుజం, నడుము పట్టు. గుంజకు, ఊకె ఆపి పట్టు."

నర్సింలు చెప్పులు ఇడిచి వచ్చిండు. రెండేండ్లకు మించి మొఖం చూడని మనిషిని రెండు చేతులతోని తన దిక్కు ఒరగవెట్టి పట్టుకున్నడు. ఆమె మొఖం వాని కడుపుకు ఆనింది. వాడు పైకి ఫ్యాను దిక్కు చూస్తున్నడు, కండ్ల నీళ్లు కనవడొద్దని. శిరీష తడిది చుట్టింది, పొడిది పరిచింది, ఇవతలికి తిప్పింది, అటు పోయి గుంజింది, మూలలు తోసింది. సునీత సెలైన్ పట్టుకొని నిలబడి చూసింది. "ఏ ఇయర్?" అని అడిగింది. "సెకండ్" అన్నది శిరీష.

సిస్టరు కుడి చెయ్యి కదిలింది. తొడ పక్కకెల్లి పాక్కుంట పరుపు అంచుకు పోయింది. దుప్పటిని రెండు వేళ్లతోని పట్టి గుంజింది. ఇంచు బయటికొచ్చింది. వేలి కణుపు ఇనుప పట్టీ మీద తట్టింది. టక్, టక్.

శిరీష మడత విప్పి మళ్ల మొదలు పెట్టింది. గట్టిగ తోసి, అరచేత్తోని సాపు చేసింది. ఆ చెయ్యి మళ్ల అంచుకు పోయింది, వేళ్లతోని పట్టి గుంజింది. రాలే. ఇంకోసారి గుంజింది. రాలే. చెయ్యి అక్కడనే ఉంది. మేమందరం తడుతదేమో అని చూస్తున్నం.

తట్టలే. గడియారం చూసిన.

శిరీషకు రేపు నౌకరి వస్తదో రాదో నాకు తెల్వదు. అడిగేటోళ్లకు అదే చెప్త. ఆ రోజు వార్డుల ఉన్నోళ్లను మాత్రం ఆమె రాపిచ్చినట్టే రాస్త. రోగులు: మా పెద్ద సిస్టర్, పక్క మంచం ఖిల్లా ఘణపూర్ చెన్నమ్మ, కిటికీ కాడి మంచం హలీమా. వాళ్ల మనుషులు: సిస్టర్ అన్న బిడ్డ రూతమ్మ, చెన్నమ్మ కొడుకు కుర్మయ్య, హలీమా చెల్లె షమీమ్, నా కొడుకు నర్సింలు. డాక్టరు: లేడు, ఇంకా మెట్లెక్కలే. ఆయమ్మ: బాలమ్మ, రిటైరు. నర్సులు: సునీత, శిరీష.